తగవు వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం?

(మైలవరంలో జరిగిన సేవాలాల్ జయంతి సభలో మన సంఘం యువజన, మహిళా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

1739 ఫిబ్రవరి 15న గుత్తి ప్రాంతంలో పుట్టిన సేవాలాల్ మహరాజ్ జయంతికి ఏటా మనం ఇలా కలుస్తున్నాం. భోగ్ పెట్టుకుంటాం, పిల్లల చేత ఆడిస్తాం, పాడిస్తాం, పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినవాళ్ళకి బహుమతులు ఇస్తాం. ఈసారి మా బృందానికి ఇరవై నిమిషాలు ఇచ్చి, "జట్టుగా పని చేయడం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఐకమత్యమే బలం అని చెప్పి దిగిపోవచ్చు. ఆ మాట మనకి తెలియంది కాదు. తెలిసి కూడా పోయిన ఏడాది మామిడి సీజన్ మధ్యలో మా ముఠా విరిగిపోయింది. అది ఎలా విరిగింది, ఆ తర్వాత మేము ఏం నేర్చుకున్నాం, ఏం ఇంకా తేలలేదు అన్నది దాచకుండా చెబుదామని వచ్చాం. ఆ ముఠాలో పని చేసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. మేము తప్పు చెబితే అక్కడి నుంచే ఆపండి.

మైలవరం, రెడ్డిగూడెం, ఏ.కొండూరు మండలాల తండాల్లో మామిడి కోతకి వెళ్ళని ఇల్లు అరుదు. నూజివీడు మామిడి అని బయట ఊళ్ళవాళ్ళు పేరు పెట్టి కొనుక్కునే కాయని చెట్టు నుంచి దించేది చాలాచోట్ల మన చేతులే. బంగినపల్లి అయినా, కలెక్టర్ అయినా, రసాలు అయినా పని తీరు ఒక్కటే. మగవాళ్ళు కొమ్మ ఎక్కి చిక్కంతో కోస్తారు. ఆడవాళ్ళు కింద కాయ అందుకుని, ముచ్చిక కత్తిరించి, సొన కారిపోయేలా బోర్లించి, మచ్చకాయ, రాలుకాయ వేరు చేసి ట్రేలకి ఎత్తుతారు. సాయంత్రానికి లారీ నున్న మార్కెట్‌కో, మరో చోటికో పోతుంది. డబ్బు టన్ను లెక్కన ముఠా మొత్తానికి వస్తుంది. మేస్త్రీ పంచుతాడు. ఎక్కేవాళ్ళకి రూపాయి అయితే ఏరేవాళ్ళకి ముప్పావలా. మేము పుట్టక ముందు నుంచి అదే లెక్క. దాని మీద ఎవరూ మాట్లాడింది లేదు.

పోయిన మే నెలలో ఒక రాత్రి ఈదురుగాలి వచ్చింది. తెల్లారేసరికి తోటంతా కాయ రాలి ఉంది. రాలుకాయని విడిగా పోసి పచ్చడి ధరకి అమ్మాలి, చెట్టు కాయలో కలపకూడదు. ఆ రోజు హడావిడిలో కలిసింది. మార్కెట్‌లో ట్రేలు విప్పి చూసి బాగా తరుగు తీశారు. మర్నాడు పొద్దున్నే తోటలో తగవు. ఆడవాళ్ళు సరిగ్గా ఏరలేదు అన్నారు మగవాళ్ళు. మా మేస్త్రీ కాకా అందరి ముందూ గట్టిగా కేకలేశాడు. ఆ తరుగు ఏరేవాళ్ళ వాటాలో కోస్తాను అన్నాడు. ఆడవాళ్ళు ఒక్కరు కూడా నోరు మెదపలేదు. తల దించుకుని పని చేసుకున్నారు. కాకా కూడా, మేము కూడా, గొడవ అక్కడితో అయిపోయింది అనుకున్నాం.

రెండో రోజు నలుగురు ఆడవాళ్ళు పనికి రాలేదు. అడిగితే ఒకరికి జ్వరం, ఒకరింట్లో చుట్టాలు. మూడో రోజు ఇంకో ముగ్గురు రాలేదు. ఏరేవాళ్ళు లేక కోసిన కాయ కోసినట్టే చెట్ల కింద ఉండిపోయింది. తోట వాళ్ళు రెండు రోజులు చూసి వేరే ముఠాని తెచ్చుకున్నారు. సీజన్‌లో మంచి పని దొరికే మూడు వారాలు మేము ఖాళీగా కూర్చున్నాం. బడి ఫీజులకని, బాకీలకని ఆ డబ్బు మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు.

సీజన్ అయ్యాక సంఘం మీటింగ్‌లో ఈ విషయం వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్న మన తండా అమ్మాయి ఒకామె అప్పుడు సెలవు మీద వచ్చి ఉంది. వాళ్ళ ఆఫీసులో ఇలాంటి తగవుల మీద శిక్షణ ఇస్తారట. అందులో నేర్చుకున్నది మాకు రెండు ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో ముఖ్యమైనది మీకు చెబుతాం.

కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్మన్ అనే ఇద్దరు అమెరికా పండితులు 1974లో ఒక ప్రశ్నపత్రం తయారు చేశారు. అందులో 30 జతల వాక్యాలు ఉంటాయి. ప్రతి జతలో మనకి దగ్గరగా ఉన్న వాక్యం ఎంచుకోవాలి. తగవు వచ్చినప్పుడు మనిషి రెండు విషయాలు చూసుకుంటాడని వాళ్ళ ఆలోచన. నా మాట నెగ్గాలి అన్నది ఒకటి. అవతలివాళ్ళ పని కూడా జరగాలి అన్నది రెండోది. ఈ రెండూ ఎంత ఎంత ఉన్నాయన్న దాన్ని బట్టి ఐదు పద్ధతులు వస్తాయి.

మొదటిది పట్టుపట్టడం. నా మాటే నెగ్గాలి, నీ సంగతి నాకు అక్కర్లేదు. రెండోది సర్దుకుపోవడం. నా సంగతి వదిలేస్తాను, నీ మాటే కానీ. మూడోది తప్పుకోవడం. నీదీ వద్దు, నాదీ వద్దు, అసలు ఆ మాటే వద్దు. నాలుగోది చెరిసగం రాజీ. నువ్వు కొంత దిగు, నేను కొంత దిగుతా. ఐదోది కలిసి తేల్చుకోవడం. ఇద్దరి అవసరమూ తీరే దారి వెతకడం. దీనికి టైం ఎక్కువ పడుతుంది.

ఇందులో ఒకటి మంచిది, మిగతావి చెడ్డవి అని లేదు. రాత్రి తాగి వచ్చినవాడు గొడవకి దిగితే తప్పుకోవడమే తెలివి. చావు జరిగిన ఇంటివాళ్ళు ఏదైనా అడిగితే సర్దుకుపోవాలి. లారీ రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు చెరిసగం చేసి ముందు సరుకు పంపాలి. పట్టుపట్టాల్సిన చోట పట్టుపట్టాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డారు. మా ఊళ్ళో సారా దుకాణం ఉండకూడదు అన్నారు. సగం రోజులు తెరవండి అని రాజీ పడలేదు. అది జిల్లాలు దాటి పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ రోజు వాళ్ళు సర్దుకుపోయి ఉంటే ఏమయ్యేది?

ఆ ప్రశ్నపత్రం మేము కొనలేదు, నింపలేదు. ఐదు పద్ధతుల పేర్లు గోడ మీద రాసుకుని, ఒక్కొక్కరం మా జీవితంలో జరిగిన ఐదు తగవులు చెప్పుకున్నాం. ప్రతి తగవులో ఏం చేశామో దాని ఎదురుగా ఒక గీత గీశాం. అప్పుడు మాకు ఒక వింత కనబడింది.

ముఠాలో నోరు మెదపని ఒక వదిన ఉంది. ఆమెకి "తప్పుకోవడం" కింద గీతలు పడతాయి అనుకున్నాం. ఆమె చెప్పిన తగవుల్లో తోటలో జరిగిన రెండింటికీ అలాగే పడ్డాయి. కానీ నీళ్ళ ట్యాంకర్ దగ్గర జరిగిన తగవులో ఆమె పట్టుపట్టిన మనిషి. బిందెల వరస తప్పించినవాళ్ళని వదల్లేదు. డ్వాక్రా గ్రూపులో అప్పు కట్టనివాళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళ ఇబ్బంది విని, వాయిదాలు మార్చి కట్టించింది. అది కలిసి తేల్చుకోవడం. మనిషి ఒక్కరే. మూడు చోట్ల మూడు పద్ధతులు. మా మేస్త్రీ కాకా కూడా అంతే. ముఠాలో ఆయన మాటకి ఎదురు లేదు. తోట వాళ్ళ దగ్గర, మార్కెట్‌లో ఆయన చేసినదంతా సర్దుకుపోవడమే. ఆ రోజు తరుగు తీస్తుంటే ఇదేం న్యాయం అని ఒక్క మాట అడగలేదు. అడగలేక తెచ్చుకున్న కోపం మర్నాడు తోటలో ఆడవాళ్ళ మీద దిగింది. ఈ మాట కాకానే మా ముందు ఒప్పుకున్నాడు. పెద్దవాడు అలా ఒప్పుకోవడం మాకు కొత్త.

అప్పుడు ఆ వదినని అడిగాం, "ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు?" అని. ఆమె గోర్ బోలీలో అన్న మాట తెలుగులో చెప్పాలంటే ఇది: "మాట్లాడితే రేపు ముఠాలోకి పిలవరు. పిలవకపోతే వారం కూలి పోతుంది. ఊరుకుంటే ఆ రోజు తరుగే పోతుంది. ఏది తక్కువో మీరే లెక్కేసుకోండి."

మేము నేర్చుకున్న దాంట్లో అన్నిటికంటే పెద్దది ఇదే. నోరు మెదపని మనిషిని చూసి అది ఆమె స్వభావం అనుకుంటాం. నెమ్మదస్తురాలు అంటాం, మంచిది అంటాం. కానీ ఆమె మాట్లాడితే ఏం పోతుందో లెక్క వేసుకుని ఊరుకుంది. లెక్క మారితే పద్ధతి మారుతుంది. కాబట్టి "ధైర్యంగా మాట్లాడండి" అని ఆడవాళ్ళకి, చిన్నవాళ్ళకి పాఠం చెబితే సరిపోదు. మాట్లాడినందుకు వాళ్ళకి పోయేది తగ్గించాలి. అది ముఠాని నడిపేవాళ్ళ పని, సంఘాన్ని నడిపేవాళ్ళ పని.

మన పెద్దల పద్ధతిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మన తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం లదెణీ వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. దారిలో దొంగలు, ఏరులు, కరువులు. అలాంటి చోట ఒక్క నాయక్ మాట మీద అందరూ నడవాలి. నలుగురూ నాలుగు దార్లు అంటే ఎద్దులు చస్తాయి. తర్వాత తండాలు ఒక చోట స్థిరపడ్డాయి. నాయక్, కార్భారి కూర్చుని తగవులు తీర్చారు. పోలీస్ స్టేషన్‌కి, కోర్టుకి పోకుండా ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. కానీ ఆ కూర్చున్న చోట ఆడవాళ్ళు వెనక నిలబడి వినేవారు. ఆ అలవాటే మన ముఠాల్లోకి, సంఘాల్లోకి వచ్చింది. ఇప్పుడు మనం ఎద్దుల వెంట నడవడం లేదు. కాయ చెడిపోయిందని మొదట కనబడేది ఏరే మనిషి కంటికి. ఆమె చెప్పకపోతే నష్టం ముఠా అంతటికీ.

తర్వాతి ఆదివారం ఇంకో కథ విన్నాం. మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆమె 1925లో చేసిన ఒక ప్రసంగంలో చెప్పినది. ఆమె అమెరికాలో హార్వర్డ్ లైబ్రరీలో ఒక చిన్న గదిలో కూర్చుని ఉంది. అదే గదిలో ఉన్న ఇంకొకరు కిటికీ తెరవాలన్నారు. ఆమెకి మూసి ఉంచాలని. సగం తెరుద్దాం అంటే అది రాజీ, ఇద్దరికీ సగం అసంతృప్తి. చివరికి ఎవరూ లేని పక్క గది కిటికీ తెరిచారు. ఎందుకంటే ఆ రెండో మనిషికి కావలసింది గాలి, ఈ కిటికీయే తెరవాలని కాదు. ఈమెకి వద్దన్నది నేరుగా మీద కొట్టే చలిగాలి, గదిలోకి గాలే రాకూడదని కాదు. అడుగుతున్నది వేరు, అవసరం వేరు. అవసరం ఏమిటో బయటపెడితే ఒక్కోసారి మూడో దారి దొరుకుతుంది.

సరే, మన పక్క గది కిటికీ ఎక్కడుందో చూద్దాం అనుకుని, శ్రావణంలో తీజ్ ఏర్పాట్లకి అందరం కలిసినప్పుడు ముఠా విషయం ఎత్తాం. తీజ్ రోజులు మంచివి. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పాటలు పాడే పండగ. తగవు ఉన్నవాళ్ళు కూడా పక్కపక్కన కూర్చుంటారు. ఆ రోజు ఒక్క నియమం పెట్టుకున్నాం. ముందు ఏరేవాళ్ళు మాట్లాడాలి. వాళ్ళు ముగించేదాకా ఎక్కేవాళ్ళు, మేస్త్రీ వినాలి. ఈ రోజు అన్న మాటకి రేపు ఎవరినీ పని నుంచి ఆపకూడదు. కాకా ఈ మాట అందరి ముందూ ఇచ్చాడు.

ఆడవాళ్ళు అడిగింది సమాన వాటా. ఒకే రకం పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది అని మాలో ఒకరు అన్నారు. ఎక్కడం, ఏరడం ఒకే రకం పనా అని మగవాళ్ళు అడిగారు. అక్కడ ఆగిపోయింది. అప్పుడు ఫాలెట్ కథ గుర్తు చేసుకుని, మీకు ముప్పావలా లెక్క ఎందుకు కావాలి అని మగవాళ్ళనే అడిగాం. కాసేపు ఎవరూ పలకలేదు. చివరికి ఒకతను తన చెయ్యి చూపించాడు. మూడేళ్ళ కింద కొమ్మ విరిగి పడి ఆ చెయ్యి విరిగింది. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ముఠా నుంచి ఒక్క రూపాయి రాలేదు. "ఆ పావలా నా ఎముకల ధర" అన్నాడు.

ఆ మాటతో దారి కనబడింది. ఎక్కేవాళ్ళకి నిజంగా కావలసింది పడితే చూసుకునే దిక్కు. రోజూ ఎక్కువ తీసుకుంటున్న పావలా ఆ రోజే ఖర్చయిపోతోంది. చెయ్యి విరిగిన రోజు చేతిలో ఏమీ లేదు. అందుకని ఇలా రాసుకున్నాం. టన్నుకి వచ్చిన డబ్బులో ముందు కొంత పక్కకి తీసి ప్రమాద నిధి కింద ఉంచాలి. ఎక్కినవాడు పడినా, కింద ఏరే ఆమెకి పాము కరిచినా అందులో నుంచే ఇవ్వాలి. ఆ నిధి లెక్క ఏరేవాళ్ళలో ఒకరు రాయాలి. మిగిలింది అందరికీ సమానం.

ఆడవాళ్ళ మాటల్లో కూడా వాటా ఒక్కటే లేదు. తూకం చీటీ మాకు చూపించరు అన్నారు. కాయని చిక్కంలోనే దించకుండా పైనుంచి జారవిడుస్తారు, దెబ్బ తగిలిన కాయకి మేము మాట పడుతున్నాం అన్నారు. ఇవి రెండూ ఇరవై నిమిషాల్లో తేలాయి. చీటీ సాయంత్రం అందరి ముందూ చదవాలి. చెట్టు కింద ఇద్దరు గోనెపట్టా పట్టుకోవాలి. గాలి వచ్చిన మర్నాడు రాలుకాయ ముందు ఏరి పక్కన పెట్టాకే చెట్టు ఎక్కాలి. కాయ బాగా లేదనిపిస్తే ఏరేవాళ్ళలో ఎవరైనా "ఆపండి" అనవచ్చు. అంటే ఆపాలి.

ఇదంతా చూసి మేము గెలిచాం అనుకోకండి. ఒక ఇంటివాళ్ళు ఈ లెక్క ఒప్పుకోలేదు. వాళ్ళ ముగ్గురు కొడుకులూ ఎక్కేవాళ్ళే, సమాన వాటా అయితే ఇంటికి వచ్చేది తగ్గుతుంది. అది నిజమే. వాళ్ళని చెడ్డవాళ్ళు అనడానికి లేదు. వాళ్ళు వేరే ముఠాకి పోవచ్చు. నిధికి ఎంత తీయాలన్నది కూడా ఇంకా తేలలేదు. మొదట పనికి రావడం మానేసిన నలుగురిలో ఇద్దరు తిరిగి వస్తామన్నారు. ఇద్దరు ఇంకా ఏమీ చెప్పలేదు. అలాగే తోట దగ్గర, మార్కెట్‌లో తరుగు తీసేవాళ్ళ ముందు కాకా ఒక్కడే నిలబడితే మళ్ళీ సర్దుకుపోతాడు. ఆయన లెక్క ఆయనకీ ఉంది. అందుకని ఈసారి తూకం దగ్గరికి ఆయనతో పాటు ఏరేవాళ్ళలో ఒకరు, లెక్క రాయగలిగిన కుర్రాడు ఒకడు వెళ్ళాలని అనుకున్నాం. తరుగు ఎంత, ఎందుకు అని అడిగి రాసుకుంటారు. అడిగితే తగ్గిస్తారని మేము అనడం లేదు. అడిగి రాసుకుంటే కనీసం ఆ కోపం ఇంటికి రాదు.

బ్రూస్ టక్‌మన్ అనే ఆయన 1965లో జట్ల గురించి ఒక మాట రాశారు. ఏ జట్టు అయినా ముందు కలుస్తుంది, తర్వాత కొట్లాడుకుంటుంది, తర్వాత నియమాలు ఏర్పడతాయి, ఆ తర్వాతే పని సాగుతుంది అని. మన ముఠాలు ఏటా కొత్తగా కలుస్తాయి. కొట్లాట దగ్గరికి వచ్చేసరికి విరుగుతాయి. మర్నాటి ఏడాది మళ్ళీ మొదటి నుంచి. నియమాల దాకా ఎప్పుడూ పోలేదు. ఈ ఏడాది పోదామని మా ప్రయత్నం.

ఇప్పుడు తోటల్లో పిందె పడుతోంది. ఏప్రిల్‌కి కోత మొదలవుతుంది. ఇంకా ఆరేడు వారాలు ఉన్నాయి. చేతిలో పని లేనప్పుడు, ఎవరి మీదా కోపం లేనప్పుడు కూర్చుని మాట్లాడుకోవడానికి ఇదే సమయం. ఈదురుగాలి వచ్చిన మర్నాడు ఎవరూ నియమాలు రాయలేరు.

అందుకని పెద్దలకి మా మనవి ఒక్కటే. ఈ నెలలోనే ఒక ఆదివారం ప్రతి ముఠా తన తండాలో కూర్చోవాలి. వాటా, నిధి, తూకం చీటీ మూడింటి మీద ఒక కాగితం రాసుకోవాలి. నాయక్‌లు, కార్భారీలు ముందు కూర్చుని, ఈ రోజు అన్న మాటకి రేపు ఎవరి పనీ పోదు అని ముందే మాట ఇవ్వాలి. ఆ మాట మీరు ఇస్తేనే చెల్లుతుంది, మేము ఇస్తే చెల్లదు. మా ముఠా వచ్చే ఆదివారం పొద్దున్న మా తండాలో వేపచెట్టు కింద కూర్చుంటోంది. ఇంకా ఏమీ చెప్పని ఆ ఇద్దరు అక్కలు ఇక్కడే ఉన్నారని మాకు తెలుసు. మీరు ఆ రోజు రండి. ముఠాలోకి తిరిగి వస్తారో రారో తర్వాత సంగతి. వచ్చి, ఆ రోజు తోటలో అనలేకపోయిన మాట అనండి. ముందు మాట్లాడేది మీరే. కాకా వింటాడు.

సెలవు. రామ్ రామ్.